పాత కీర్తన - క్రొత్త బాణీ

తొమ్మిది విధములైన భక్తిలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. ప్రహ్లాదుడు తండ్రి యెదుట ఈ వరుసను చెప్పినప్పుడు శ్రవణమును ముందుంచుటలో ఒక సూక్ష్మము కలదు. విననివాడు పాడజాలడు. నేడు పాడువాడెవడైనను అంతకు ముందు ఎవరి నోటనో వినియే యుండవలెను. కీర్తనల బాణీలను గూర్చి ఇంటింట పెద్దలును పిన్నలును వాదులాడుకొనుచున్న ఈ కాలమున ఆస్తిక మహాజనులు ఈ వరుసను ఒకసారి మనసునకు తెచ్చుకొనుట మంచిది.

కృష్ణాజిల్లాలో బందరు పట్టణము నానుకొని, సముద్రమున కనతిదూరమున చిలకలపూడి క్షేత్రమున్నది. భక్త నరసింహముగారు తమ గురువులైన మహీపతి మహారాజు ఉపదేశమున పండరినాథుని సేవించి, ఆ స్వామిని తెలుగునేలకు రప్పించుకొనిన పుణ్యమూర్తి. 1929వ సంవత్సరము నవంబరు 13వ తేదీ, కార్తిక శుద్ధ ఏకాదశినాడు పాండురంగడు ఇచట వెలసెనని క్షేత్రచరిత్ర చెప్పుచున్నది. చిలుకకు సంస్కృతమున కీరమని పేరు గదా! అందుచే ఈ యూరు కీర పండరీపురమని ప్రసిద్ధి కెక్కినది. భీమానదీతీరమున పుండరీకుడు విసిరిన ఇటుకపై, నడుమున చేతులుంచుకొని, భక్తుని కొరకు వేచియున్న స్వామియే ఇచటను వేచియున్నాడు. నది మారినది, దేశము మారినది, భాష మారినది. నిలుచున్న తీరు మారలేదు.

కార్తికమాసము వచ్చినచో ఈ క్షేత్రమునకు యాత్రికుల రాక యెక్కువ. మంగినపూడి సముద్రస్నానము, స్వామి దర్శనము, రాత్రి భజన - ఇవి మూడును కలిసినగాని కోస్తాపల్లెల వారికి యాత్ర పూర్తియైనట్లు తోచదు. కొలది యేండ్ల క్రిందట ఒక కార్తికమున దివిసీమలోని ఒక పల్లెనుండి ఒక భజనగోష్ఠి వచ్చినది. గోష్ఠికి పెద్ద డెబ్బదియేండ్లకు చేరువైన ఒక రైతు. పొలము, భజన తప్ప వేరొక వ్యాపకము లేనివాడు. ఆయన మనుమడు పట్టణమున చదువుకొనుచున్న పిల్లవాడు. కీబోర్డు బాగుగా వాయించును. సెలవులకు వచ్చి, తాతతో కూడ బయలుదేరెను.

బస చేసిన సత్రపు వాకిట ఆ రాత్రి భజన మొదలైనది. రెండు కీర్తనలైన పిమ్మట ఆ పిల్లవాడు తన కీబోర్డు ముందుకు జరుపుకొని, సెల్‌ఫోనులో ముందుగా సిద్ధపరచి యుంచిన డప్పుల మోతను పెట్టెలో వినిపించుచు, ఆ పల్లెవారు తరతరములుగా పాడుకొను పాండురంగ కీర్తననే ఎత్తుకొనెను. మాటలవే. బాణీ మాత్రము ఆ యేడు ఊరూర మారుమ్రోగిన ఒక చలనచిత్ర నృత్యగీతముది. పడుచువారందరును లేచి చప్పట్లు చరచిరి. ఫోనులెత్తి చిత్రములు తీసికొనిరి. తాత తాళములు క్రింద పెట్టెను. ఒక్క మాట యనలేదు. కండువా సవరించుకొని వెలుపలికి పోయి చీకటిలో అరుగుపై కూర్చుండెను. గోష్ఠిలోని ముదుసలులు "అపచారము, అపచారము" అనిరి. పడుచువారు "దేవుని పాటయే కదా, ఒక్క మాటయైన మార్చితిమా?" అని యడిగిరి. అడిగిన ప్రశ్న చిన్నది కాదు. దానికి కోపముతో జవాబు చెప్పుట తగదు.

మన సంగీతశాస్త్రము పాటను రెండుగా విడదీసినది. పలుకునకు మాతువని పేరు, స్వరమునకు ధాతువని పేరు. రెండింటిని తానే కూర్చువాడు వాగ్గేయకారుడు. దేవగిరి యాదవరాజు సింఘణుని ఆస్థానమున 13వ శతాబ్దిలో నుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున వాగ్గేయకారులలో ఉత్తములు, మధ్యములు, అధములు ఎవరో వివరించి, వారి ప్రక్కనే మరియొకని పేర్కొనెను. ఇతరుల ధాతువునకు తన మాతువును అతుకువాడు కుట్టికారుడట! అనగా పరాయి బాణీకి మాటలు కట్టు విద్య నేటిది కాదు. ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే దానికి పేరు పెట్టవలసినంత వాడుకలో నుండెను. శార్ఙ్గదేవుడు వానిని దొంగ యనలేదు, పాపి యనలేదు. పంక్తిలో చివర కూర్చుండబెట్టెను, అంతియే. సత్రపు వాకిట మనుమడు చేసినది దీనికి మరియొక మెట్టు. పాత మాతువును, పరాయి ధాతువును తెచ్చి రెండింటిని ముడివేసెను. నేటివారు రీమిక్స్ అనుచున్నది ఇట్టిదే.

మాతువు నిలిచి ధాతువు మారుట తప్పే యైనచో మొదట తప్పు పట్టవలసినది ఎవరిని? తాళ్లపాక అన్నమాచార్యుల వారు (1408-1503) ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించిరని వారి మనుమడు చిన్నన్న చెప్పెను. కుమారుడు పెద తిరుమలాచార్యులు వానిని రాగిరేకులపై చెక్కించిరి. నేడు మనకు దొరికినవి 12,000కు పైబడియున్నవి. తిరుమల ఆలయమున భండారములో మూతపడి, శతాబ్దముల తరబడి పాడువారు లేక మౌనముగా నుండిన ఆ రేకులను 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు లోకమునకు వెల్లడించిరి. ఆ పిమ్మట వానిని పరిష్కరించిన పండితులలో ముఖ్యులు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888-1950). వారు ఈ దివిసీమలోని పెదకళ్లేపల్లిలో పుట్టినవారే యని ఈ ప్రాంతమువారు గర్వముగా చెప్పుకొనవచ్చును.

రేకులపై నున్నదేమి? పల్లవి యున్నది, చరణములున్నవి, రాగము పేరున్నది. ఆ కీర్తనలను పాడుటకు స్వరములు లేవు. అన్నమయ్య ఏ గమకముతో స్వామిని మేలుకొలిపెనో, ఏ నడకలో జోలపాడెనో ఆ రాగి చెప్పదు. మాతువు నూటికి నూరుపాళ్లు దక్కినది; ధాతువు గాలిలో కలిసిపోయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893-1979) కొన్ని కీర్తనలకు స్వరములు కూర్చి ప్రకటించిరి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించిన పిమ్మట నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మున్నగువారు వందలకొలది కీర్తనలకు బాణీలు కట్టిరి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారును (1930-2016) కట్టిరి. కొన్ని కీర్తనలకు రేకుపై నున్న రాగమొకటి, నేడు పాడుకొనుచున్న రాగము వేరొకటి. కావున మన యిండ్లలో శనివారము ఉదయమున వినబడు అన్నమయ్య పాటలలో బాణీ దాదాపుగా గడచిన నూరేండ్లలోనిదే. 1997లో వచ్చిన అన్నమయ్య చలనచిత్రములోని బాణీలే ఆ మహానుభావుని స్వంత బాణీలని నమ్ముచున్న పిల్లలును కలరు. వారిని తప్పు పట్టరాదు, చెప్పవలసినవారు చెప్పలేదు.

శ్రీవైష్ణవులకు ఇంతకంటె ప్రాచీనమైన నిదర్శనము నాథమునుల చరిత్ర. వీరనారాయణపురమున నాథమునులు యాత్రికుల నోట కుంభకోణపు స్వామిని గూర్చిన పది పాశురములను వినిరి. చివరి పాశురమున ఇవి వేయింటిలో పది యని యున్నది. తక్కిన తొమ్మిదివందల తొంబది యేవి? యాత్రికు లెరుగరు. దానికొరకు ఆయన ఆళ్వార్ తిరునగరికి పోయి, మధురకవి ఆళ్వారుల ప్రబంధమును పండ్రెండువేల మార్లు అనుసంధించి, నమ్మాళ్వార్ల అనుగ్రహమున నాలాయిర దివ్యప్రబంధమునంతయు పొందిరి. పొంది ఊరకుండలేదు. దానిని దేవగానమున కూర్చి, తమ మేనల్లుండ్రైన మేలైయగత్తాళ్వాన్, కీళైయగత్తాళ్వాన్ అను ఇరువురకు నేర్పిరి. మాతువు ఆళ్వార్లది, కూర్పు నాథమునులది. శ్రీరంగము, శ్రీవిల్లిపుత్తూరు, ఆళ్వార్ తిరునగరి మొదలైన క్షేత్రములలో నేటికిని జరుగు అరయర్ సేవ ఆ పరంపరలోనిదే. తక్కిన సన్నిధులలో గోష్ఠిగా కూర్చుండి చదువుదురే గాని గానము చేయరు. ఆండాళమ్మవారి తిరుప్పావైని మన కచేరీలలో రాగములతో పాడుచున్నారనిన, అది 20వ శతాబ్దిలో అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890-1967) కూర్చిన బాణీల మూలముననే. ధనుర్మాసమున తెల్లవారకముందే ఆ బాణీలతో తిరుప్పావై విని చేతులు జోడించని వైష్ణవ గృహస్థుడుండడు. ఇది క్రొత్తది గదా యని యెవరును చెవులు మూసికొనలేదు.

పండరినాథుని పాటల సంగతియు నిట్టిదే. జ్ఞానదేవుడు, నామదేవుడు, తుకారాము మొదలైన భక్తులు చెప్పిన అభంగములను వారకరీలు తాళములతో, మృదంగముతో నడచుచు పాడుదురు. భీమసేన్ జోషీగారు (1922-2011) ఆ అభంగములనే హిందూస్థానీ రాగములలో పాడగా దేశమంతయు వినినది. పండరికి కాలినడకను పోలేనివారు దానిని విని కన్నీరు పెట్టుకొనిరి. ఇక ముత్తుస్వామి దీక్షితులవారు (1775-1835) కుంపిణీ దొరల బ్యాండు మేళముల బాణీలకు సంస్కృతమున స్తుతులు కట్టిరి. నొట్టుస్వర సాహిత్యములని వానికి పేరు. ఇంగ్లండు రాజును కాపాడుమని పాడు జాతీయగీతపు బాణీయు వానిలో నొకటి. దీక్షితులవారి చేతిలో అది అమ్మవారి స్తుతియైనది. శార్ఙ్గదేవుని లెక్కకు ఆ గీతములవరకు దీక్షితులవారును కుట్టికారులే. త్రిమూర్తులలో ఒకరిని పంక్తి చివర కూర్చుండబెట్టు ధైర్యమెవరికున్నది?

ఇంకొక మాట చెప్పక తప్పదు. చలనచిత్రపు బాణీలు భజనలోనికి రారాదని గట్టిగా పలుకు ముదుసలులు తమ యౌవనమును ఒకసారి తలచుకొందురుగాక. 1957లో పాండురంగ మహాత్మ్యము చిత్రము వచ్చినది. పుండరీకుడుగా నటించిన నందమూరి తారక రామారావుగారిది నిమ్మకూరు. పాడిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గుడివాడ చేరువనున్న చౌటపల్లిలో 1922లో జన్మించినవారు. ఇద్దరును ఈ జిల్లావారే. టి.వి. రాజుగారు సంగీతము కూర్చిన ఆ చిత్రములోని కృష్ణస్తుతి గీతము పాడని భజనగోష్ఠి కృష్ణాతీరమున లేదు. దానిని పురాతన కీర్తనయే యనుకొని పాడువారును కలరు.

ఇన్ని చెప్పినందున మనుమడు చేసిన పనికి శాస్త్రము ఆమోదముద్ర వేసినదని యెవరును తొందరపడవద్దు. బాణీ క్రొత్తదగుట దోషము కాదని మాత్రమే ఇంతవరకు తేలినది. దోషము వేరొక చోట నున్నది.

తార్కికులు స్మృతిని గూర్చి చెప్పు దృష్టాంతమొకటి ప్రసిద్ధము. ఏనుగును చూచినవానికి మావటివాడు గుర్తుకు వచ్చును. రెండింటిని జంటగా చూచి యుండుటయే దానికి కారణము. బాణీ ఏనుగు వంటిది. నిన్ననే తెరపై ఒక నృత్యమును చూచి వచ్చినవాని చెవిలో ఆ బాణీ పడగనే, పైన పాండురంగ నామమెంత ఉన్నను, లోపల ఆ నృత్యమే కదలును. నోట స్వామి, మనసున మావటి! పాండురంగ మహాత్మ్యపు పాటకు ఈ చిక్కు లేదు. అచట ఏనుగును చూచినను గుర్తుకు వచ్చువాడు కృష్ణుడే. దీక్షితులవారి పాటకును నేడు చిక్కు లేదు. బ్యాండు వాయించిన దొరలు పోయిరి, అమ్మవారు నిలిచినది. కావున ఏ బాణీయైనను శాశ్వతముగా అపవిత్రమని యనుటకు వీలులేదు. వినువారి మనసున అది నేడేమి మేల్కొలుపునో అది చూచుకొనవలెను. ఏబదియేండ్లకు ఆ చిత్రమును ఎరిగినవారు లేనప్పుడు అదే బాణీ నిర్మలమైన భజన కావచ్చును. అంతవరకు ఓపిక పట్టుమని పడుచువారితో చెప్పుట కష్టమే.

రెండవది పలుకు. మాట మార్చలేదని పిల్లలనిరి. మాట మార్చనక్కరలేదు, హ్రస్వమును సాగదీసి దీర్ఘమును నొక్కివేసిన చాలును. రాముని రా కురుచయైనచో రమ యగును. పోనిండు, అమ్మవారే గదా యని సరిపెట్టుకొనవచ్చును. కమల యను పేరులో క సాగి కామల యైనచో స్తుతి కాస్త పచ్చకామెర్ల పేరగును! వేగముగా పరుగెత్తు బాణీలో నారాయణ శబ్దము నారా యనుచోట తెగి, ఒక చప్పట్ల మోత యైన పిదప యణ యని వినబడును. త్వష్ట ఇంద్రుని చంపు కుమారుని గోరి యజ్ఞము చేయుచు ఇంద్రశత్రు శబ్దమున స్వరము తప్పి పలికినందున, పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే చచ్చెనని పెద్దలు చెప్పుదురు. అది మంత్రము, ఇది కీర్తనము. రెండింటికి ఒకే కట్టుబాటు లేదు. భగవంతుని పేరు గల పలుకు తప్పులతో నున్నను లోకుల పాపములను పోగొట్టునని భాగవతమున నారదుడు వ్యాసునికి ధైర్యము చెప్పెను. తెలియక పలికినవాని విషయమున ఆ మాట చాల గొప్ప అభయము. తెలిసి, డప్పు కుదురుటకై నామమును విరిచినవాడు దానిని అడ్డుపెట్టుకొనరాదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. దానిని గూర్చియే ఎక్కువగా విచారింపవలసి యున్నది. భజనమనగా ఒకడు పాడగా పదిమంది వినునది కాదు. ఒకడు అందించగా పదిమంది అందుకొనునది. మరాఠదేశపు భజనకును, మన పల్లె భజనకును ప్రాణమీ అందుకొనుటయే. స్వరము రానివాడు, తాళము తెలియనివాడు, చదువులేని ముదుసలి - ఎవరైనను పల్లవిని పట్టుకొని లోనికి రావలెను. ఊరేగింపులలో లారీలపై ఎత్తైన పెట్టెలు పేర్చి డి.జె. యను పేర మ్రోగించు గీతములను గమనించుడు. మోత గుండెను తాకును. కాళ్లాడును. నోళ్లు మాత్రము కదలవు! పెట్టె పాడుచున్నప్పుడు మనిషి పాడనక్కరలేదు గదా. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు మైకులు మ్రోగించరాదని 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి; అది రోగుల కొరకు, పసిపిల్లల కొరకు ప్రభుత్వము పెట్టిన కట్టడి. భక్తునికి పగటివేళను ఒక కట్టడి యుండవలెను: ప్రక్కవాని గొంతు తనకు వినబడవలెను.

రామాయణమును కుశలవులు శ్రీరాముని సభలోనే గానము చేసిరి. కావ్యము వాల్మీకిది, వీణ మీటుచు పాడిన గొంతులు పిల్లలవి. అంతకు ముందే ఆశ్రమమున మునులు ఆ గానమును విని, ఎన్నడో జరిగిపోయిన కథ కన్నుల ముందు జరుగుచున్నట్లున్నదని మెచ్చుకొనిరట. ఏ బాణీకైనను ఇంతకంటె మంచి ప్రశంసాపత్రము లేదు. గమనింపవలసినదేమనగా, ఆ పిల్లలు ముందు మహర్షి కడ కూర్చుండి, మొదటినుండి చివరవరకు నేర్చుకొని, తరువాత సభలోనికి వచ్చిరి. నాథమునులు వెదకి పొందిన పిమ్మట కూర్చిరి. దివిసీమ పెదకళ్లేపల్లిలోనివారే యైన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు త్యాగరాజస్వామి శిష్యులైన మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి కడ నేర్చిరి. ఆయన కడ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు నేర్చిరి. పంతులుగారి కడ బాలమురళీకృష్ణగారు నేర్చిరి. బాలమురళీకృష్ణగారు సంప్రదాయమును దాటినారని ఆ రోజులలో ఆక్షేపించినవారు లేకపోలేదు. దాటుటకు ముందు ఆయన లోపల నుండెను గదా!

ఈ సందర్భమున చిలకలపూడికే ప్రసిద్ధమైన మరియొక విద్య గుర్తుకు వచ్చుచున్నది. రాగికి పైన బంగారుపూత పూసి, చేయితిరిగిన కంసాలులు ఇచట నగలు చేయుదురు. చిలకలపూడి బంగారమని దానికి దేశమంతట పేరు. పెండ్లిలో, నాటకములో, నాట్యములో అది మెరయును. లేని యింటి ఆడపిల్ల మెడకు నిండుదనము నిచ్చును. దానిని నిందించుట అవివేకము. కొనువారికి అది గిల్టని చెప్పియే అమ్ముదురు. అందుచేతనే ఆ వృత్తికి మర్యాద నిలిచినది. క్రొత్త బాణీ కట్టువారును అట్లే ఇది ఫలానావారి సాహిత్యము, బాణీ మాది యని మొదటనే చెప్పినచో సగము తగవు తీరును. అన్నమయ్య బాణీ యని, రామదాసు బాణీ యని నిన్న పుట్టినదానిని చెలామణి చేయుట మాత్రము పూతను బంగారమని తూచి అమ్ముటయే.

ఇక సత్రపు వాకిటికి మరలుదము. పాట ముగిసిన పిదప మనుమడు వెలుపలికి వచ్చి అరుగుపై తాత ప్రక్కన కూర్చుండెను. "కోపము వచ్చిందా తాతయ్యా?" అని యడిగెను.

"కోపము కాదురా నాయనా. ఆ బాణీ ఎవరిదో నీకు తెలియునా?"

"పాతదేగా. ఎవరిదో నాకేమి తెలుసు?"

తాత కొంతసేపు పలుకలేదు. పిమ్మట చెప్పెను. అది ఆయన తండ్రి కట్టిన బాణీ. సాయంకాలములందు చేనుగట్టున కూర్చుండి, ఒక్కొక్క చరణముగా కట్టి, గోష్ఠివారికి నేర్పినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. అదియు కార్తికమే. సముద్రము ఊళ్లమీదికి వచ్చి వేలకొలది జనులను పొట్టన పెట్టుకొనినది. ఆ గోష్ఠిలో ఏడుగురు పోయిరి. వారిలో ఆయన తండ్రి యొకడు. వారి హార్మోనియము పోయినది, పాటల పుస్తకము పోయినది, భజనమందిరము గోడలతో సహా పోయినది. కీర్తనలోని మాటలు పొరుగూరివారి పుస్తకములో దొరికినవి. బాణీ యే పుస్తకమునను లేదు. మిగిలినవారిలో అది తెలిసినవారు ముగ్గురు. నేటికి ఆయన యొక్కడు.

"అన్నమయ్య పాటకు రాగి రేకులున్నాయి. మా నాన్న బాణీకి నేనే రేకును" అని తాత అనెను.

మనుమడు తలవంచుకొని కూర్చుండెను. క్షమాపణమని, పాదములకు నమస్కారమని పెద్దగా ఏమియు చేయలేదు. ఈ కాలపు పిల్లలకు అవి వెంటనే రావు. కొంతసేపటికి ఫోను తీసి తాత ముందుంచి, "ఒకసారి మొదటినుంచీ పాడు తాతయ్యా, పెడతాను" అనెను. తాత పాడెను. రెండవ చరణమున పిల్లవాడు ఆపి, "ఇక్కడ స్వరము కిందకు దిగిందా, అక్కడే నిలిచిందా?" అని యడిగెను. తాత మరల పాడి చూపెను. ఆ ప్రశ్న వినినంతనే వాని చెవి మంచిదని ముసలివానికి అర్థమైనది. లోపల భజన ముగిసి అందరును నిద్రించినను అరుగుపై వీరిద్దరి కూనిరాగము చాలసేపు సాగినది.

మరునాటి రాత్రి భజనలో కీబోర్డు ఉండెను. డప్పుల మోత లేదు. మనుమడు శ్రుతి మాత్రము పట్టుకొనగా తాత ఎత్తుకొనెను. రెండవ మారు పల్లవిని మనుమడే అందుకొనెను. వెనుక వరుసలో గోడకు చేరగిలబడి యున్న ఆడవారి గొంతులు లేచినవి. ఆ పల్లెకు కోడండ్రుగా వచ్చినవారు, ఆ పాటను వినియే గాని ఎన్నడును పాడనివారు, ఆ రాత్రి పాడిరి. హారతికి ముందు ఆ పిల్లవాడు తాత వంక చూచి, అదే కీర్తనను తన స్వంత నడకలో, చిత్రపు బాణీతో నిమిత్తము లేకుండ, కొంచెము వేగముగా మరియొకసారి ఎత్తుకొనెను. అంతకు ముందే అందరితో "ఇది నా బాణీ, తప్పులుంటే చెప్పండి" అని చెప్పెను. నామము విరుగలేదు. జనము అందుకొనిరి.

తాత తాళములు క్రింద పెట్టలేదు. పాట ముగిసిన పిమ్మట మాత్రము, "మూడో చరణములో తొందర యెక్కువైంది, ముసలివాళ్లకు ఊపిరి చాలదు" అని యొక తప్పు పట్టెను. మనుమడు సరేనని దానిని మరల నెమ్మదిగా మొదలుపెట్టెను.